ఎన్‌హెచ్‌ఎల్ నేపథ్యంలో గే రొమాన్స్ రాస్తున్నా: ఆట దగ్గర ఎక్కడ తేడా కొడుతోందో చెప్పండి

కలం_కాగితం:

ప్రతిలిపిలో సీరియల్‌గా వేద్దామని ఒక హాకీ ప్రేమకథ మొదలుపెట్టాను. ధ్యాన్‌చంద్ హాకీ కాదు, ఐస్ హాకీ. ఇద్దరూ మగవాళ్ళే, ఇద్దరూ అమెరికా, కెనడాల పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడతారు, జట్లు వేరు. ఊళ్ళు నిజమైనవి, జట్ల పేర్లు కల్పించాను.

మికా, ఫిన్లండ్ కుర్రాడు, 24 ఏళ్ళు, వాంకూవర్ జట్టు సెంటర్, అంటే మధ్యలో ఉండి దాడి నడిపేవాడు. డానీ, అమెరికన్, 29, న్యూజెర్సీలోని న్యూవార్క్ జట్టు గోలీ (గోల్‌కీపర్). రెగ్యులర్ సీజన్‌లో ఎనిమిదిసార్లు ఎదురుపడతారు. ప్రతి మ్యాచ్ అయ్యాక చేతులు కలిపే వరుసలో ఒక గుసగుస, ఆ రాత్రి హోటల్లో కలుసుకోవడం. మికా రూమ్మేట్‌కి అనుమానం వస్తుంది. మార్చి నెలాఖరులో మికాని డానీ జట్టుకి ట్రేడ్ చేస్తామంటారు, తన ఒప్పుకోలు లేకుండా జట్టు మార్చకూడదనే నో-ట్రేడ్ క్లాజ్‌ని అతను ప్రేమ కోసం వదులుకుంటాడు. తర్వాత ఇద్దరూ ఒకే జట్టులో ఫైనల్ ఆడతారు.

ప్రేమ సంగతి నేను చూసుకుంటా. ఆట తెలిసినవాళ్ళు చదివితే ఎక్కడ నవ్వుతారో అది కావాలి.

నీలిగీత:

కథ బాగుందండీ, క్యాలెండరే బాగోలేదు. ఇలాంటి కథ నిలబడేదీ పడేదీ అక్కడే, అందుకని ముందు అది సరిచేసుకోండి.

ఎనిమిది కాదు, రెండు. లీగ్‌ని రెండు సగాలు చేసి కాన్ఫరెన్స్‌లంటారు: వాంకూవర్ వెస్టర్న్ కాన్ఫరెన్స్, న్యూవార్క్ ఈస్టర్న్. అవతలి కాన్ఫరెన్స్‌లోని 16 జట్లతో సీజన్ మొత్తానికి తలా రెండు మ్యాచ్‌లే, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. సొంత డివిజన్ (కాన్ఫరెన్స్‌లో ఒక భాగం) జట్టుతో అయినా మూడో నాలుగో. 2026-27 నుంచి సీజన్ 82 నుంచి 84 మ్యాచ్‌లకి పెరుగుతోంది కానీ, ఆ అదనపు రెండూ డివిజన్‌లోకే పోతాయి. సీజన్ చివరి నాకౌట్ పోటీలు, అంటే ప్లేఆఫ్స్‌లోనూ ఈ రెండు జట్లూ ఫైనల్‌కి ముందు తగిలే వీల్లేదు.

రెండే కదా అని ఊళ్ళు మార్చేయకండి. మీకు తెలియకుండానే మంచి జత ఎంచుకున్నారు. న్యూవార్క్, మాన్‌హాటన్, లాంగ్ ఐలండ్ వైపు ఎల్మాంట్... ఈ మూడు చోట్ల జట్లూ ఒకే న్యూయార్క్ మహానగరం చుట్టూ ఉంటాయి. పడమటి జట్లు అంత దూరం వచ్చినప్పుడు మూడింటినీ ఒకే ట్రిప్‌లో ముగించుకోవడం మామూలే. అంటే మికాకి నాలుగైదు రాత్రులు అక్కడే మకాం. ఆ వారం డానీకి హోమ్ మ్యాచ్‌లు పడేలా షెడ్యూల్ వేసుకుంటే, నది దాటితే ఇల్లు. డానీ అటు వెళ్ళినప్పుడు సీన్ వేరు. వాంకూవర్, కాల్గరీ, ఎడ్మంటన్ వరసగా ఉంటాయి, మ్యాచ్ అయిన గంటన్నరకే జట్టు చార్టర్ ఫ్లైట్‌లో ఉంటుంది. దక్కేది మ్యాచ్‌కి ముందు రాత్రి ఒక్కటే. ఒకరికి నాలుగు రాత్రులు, ఇంకొకరికి ఒక్కటి: పోట్లాటకి ఇంతకంటే కారణం వెతకక్కర్లేదు.

మ్యాచ్ అయ్యాక హోటల్లో రాత్రంతా అనేది ఈ తరహా నవలల్లో అందరూ చేసే పొరపాటు. విజిటింగ్ టీమ్ చాలాసార్లు ఆ రాత్రే ఊరు దాటేస్తుంది. మర్నాడు అదే ఊళ్ళో ఖాళీ ఉంటేనే మీ సీన్ నిలుస్తుంది.

ఫోన్ కాల్స్ కూడా గడియారం చూసి రాయండి. రెండు ఊళ్ళకీ మూడు గంటల తేడా. వాంకూవర్‌లో ఏడింటికి మొదలైన మ్యాచ్ తొమ్మిదిన్నర దాటాక అవుతుంది, న్యూవార్క్‌లో అప్పటికి అర్ధరాత్రి దాటి అరగంట. మ్యాచ్ రోజు పొద్దున పదిన్నరకి మార్నింగ్ స్కేట్ (తేలికపాటి ప్రాక్టీస్), భోజనం, ఒంటిగంట నుంచి మూడు దాకా కునుకు, ఐదింటికల్లా మళ్ళీ అరీనా. ఆ కునుకు టైంలో ఎవడూ ఫోనెత్తడు. "మధ్యాహ్నం రెండున్నర, మ్యాచ్ రోజు, మొదటి రింగుకే ఎత్తాడు" అని ఒక్క వాక్యం రాస్తే, మాటల్లో చెప్పని ప్రేమ అందులోనే తెలుస్తుంది.

ఇంకొకటి: డిసెంబర్ 24, 25, 26 తేదీల్లో మ్యాచ్‌లూ ప్రాక్టీసులూ ఉండవు. సీజన్ మధ్యలో ఇద్దరికీ కచ్చితంగా ఖాళీ దొరికే రోజులవి. విమానం అయిదారు గంటలు. ఒక అధ్యాయం మొత్తం అక్కడ పెట్టొచ్చు.

రూమ్మేట్ సంగతి. లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ కుదిరిన 2013 ఒప్పందం నుంచి రోడ్ ట్రిప్‌లలో ఎవరి గది వారిదే, ఎంట్రీ-లెవెల్ (మొదటి) కాంట్రాక్ట్‌లో ఉన్న కుర్రాళ్ళకి తప్ప. 18-21 ఏళ్ళకి సంతకం పెట్టినవాడికి అది మూడేళ్ళు. మికా 24 కాబట్టి ఎప్పుడో దాటేసి ఉంటాడు. రూమ్మేట్ కావాలంటే మికా వయసు 20 చేయండి, వద్దంటే రూమ్మేట్‌ని తీసేయండి.

ట్రేడ్: డెడ్‌లైన్ సాధారణంగా మార్చి మొదటి వారంలో, తూర్పు టైం మధ్యాహ్నం మూడింటికి. ఆ తర్వాత ట్రేడ్ చేసుకోవచ్చు కానీ అలా వచ్చినవాడు ఆ సీజన్‌లో ఆడకూడదు. నెలాఖరు ట్రేడ్‌తో మీ ఫైనల్ ఎగిరిపోతుంది. డిసెంబర్ 20-27 మధ్య కూడా ట్రేడ్‌లు ఆపేస్తారు, ఆ సెలవులో ఫోన్ మోగి "నిన్ను అమ్మేశాం" అనడం కుదరదు. నో-ట్రేడ్ క్లాజ్ 24 ఏళ్ళవాడికి ఉండదు: 27 ఏళ్ళు నిండాలి, లేదా లీగ్‌లో ఏడు సీజన్లు పూర్తికావాలి. క్లాజ్ ఉండగలిగేది డానీకి. త్యాగం అతని చేత చేయించండి. వయసులో పెద్దవాడు, అక్కడే ఇల్లు కొనుక్కున్నవాడు, అలాంటివాడు వదులుకుంటే బరువు ఎక్కువ.

ఓవర్‌టైమ్:

నీలిగీత గారు చెప్పినవన్నీ కరెక్టే. ఆట లోపలి సంగతులు నావి.

చేతులు కలిపే వరుస రెగ్యులర్ సీజన్‌లో ఉండదు. ప్లేఆఫ్ సిరీస్ ముగిసినప్పుడే, అంటే ఒక జట్టు నాలుగు గెలిచాక. మామూలు మ్యాచ్ అవగానే ఎవరి గోలీ చుట్టూ వాళ్ళు మూగి లోపలికి పోతారు.

గోలీకీ సెంటర్‌కీ దూరం ఎక్కువ, డానీని డిఫెన్స్‌మన్ చేయమని మీకు ఎవరో ఒకరు చెప్తారు. చేయకండి. పవర్ ప్లే సీన్ పెట్టుకోండి. డానీ జట్టులో ఒకడికి రెండు నిమిషాల పెనాల్టీ పడింది, ఐదుగురికి నలుగురు. మికాని గోల్ ముందు నిలబెట్టండి. గోలీకి పక్ (ఆడే రబ్బరు బిళ్ళ) కనిపించకుండా అడ్డం నిలవడమే అప్పుడు అతని పని. వీపు డానీ వైపు, మధ్య ఒక అడుగు కూడా ఉండదు, వెనకనుంచి డానీ కర్రతో అతని కాళ్ళ మీద తడుతుంటాడు. మాటలు ఎవరికీ వినపడవు. క్రీజ్ (గోల్ ముందు గోలీకి గీసిన చోటు) లోపలికి వెళ్ళి తగిలితే మాత్రం గోలీ ఇంటర్‌ఫియరెన్స్, ఈసారి పెనాల్టీ మికాకే, రెండు నిమిషాలు.

అసలు నిధి షూటౌట్. అరవై నిమిషాలకి స్కోరు సమం, జట్టుకి ముగ్గురేసి ఆడే అయిదు నిమిషాల త్రీ-ఆన్-త్రీలోనూ తేలలేదు, ఇక ఒక్కో జట్టుకి ముగ్గురు షూటర్లు. మంచు మీద మిగిలేది మికా, డానీ, చుట్టూ పదహారు వేల మంది. మికా పక్‌ని తాకేదాకా డానీ క్రీజ్ దాటకూడదు. పక్ ముందుకే పోవాలి, ఆపి వెనక్కి లాగకూడదు. ఆపిన పక్ ఎగిరివస్తే రెండోసారి కొట్టడం లేదు. మికా చివర్లో మణికట్టు తిప్పి ఎటు కొడతాడో డానీకి తెలుసు. వీడియో కోచ్ చెప్పినందుకు తెలుసా, వేసవిలో పక్కన కూర్చుని చూసినందుకు తెలుసా? తెలిసినది వాడుకుంటాడా లేదా? నేనైతే ఈ ప్రశ్నని కథ నడుమ పెడతాను. ప్లేఆఫ్స్‌లో షూటౌట్ ఉండదు, గోల్ పడేదాకా ఇరవై నిమిషాల చొప్పున ఆడుతూనే ఉంటారు. కాబట్టి మీ రెండు మ్యాచ్‌లలోనే ఒకదాన్ని దీనికి కేటాయించాలి.

ఒక ప్రమాదం ఉంది. జట్టుకి ఇద్దరు గోలీలు డ్రెస్ అవుతారు. వరుసగా రెండు రాత్రులు మ్యాచ్‌లుంటే ఒకదానికి బ్యాకప్‌ని దింపుతారు. డానీ నెట్‌లో ఉండేలా ముందు రోజు ఖాళీ పెట్టండి. లేదా కావాలనే ఒక మ్యాచ్ బ్యాకప్‌కిచ్చి, డానీని టోపీ పెట్టి బెంచ్ చివర కూర్చోబెట్టండి, రెండున్నర గంటలు మికాని చూడ్డం తప్ప పనుండదు.

కలం_కాగితం:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. షూటౌట్ సీన్ ఈ రాత్రే మొదలుపెడతా. ఇంకో రెండు సందేహాలు. డ్రెసింగ్ రూమ్‌లో అందరూ వెళ్ళిపోయాక ఒక ముద్దు సీన్ రాశాను, నమ్మేలా ఉంటుందా? చివర్లో ఎవరో ఫొటో లీక్ చేసి ఇద్దరి విషయం బయటపెడతారు, అది ఎలా ఉంది?

నీలిగీత:

డ్రెసింగ్ రూమ్ ఎప్పుడూ ఖాళీ ఉండదు. మ్యాచ్ అయ్యాక విలేకరులు వస్తారు, వాళ్ళు పోయాక ఎక్విప్‌మెంట్ మేనేజర్లు తడి జెర్సీలు ఉతికి, స్కేట్‌ల పదును చూసి, సంచులు ట్రక్‌కి ఎక్కిస్తారు. పైగా అవతలి జట్టు గదిలోకి మికా ఎలా వచ్చాడు? అరీనా కింద పార్కింగ్ మేలు, అక్కడా కెమెరాలుంటాయి కానీ మనుషులు తక్కువ.

"జెర్సీ ఒక్క లాగుతో ఊడిపోయింది" లాంటివి కూడా వద్దు. జెర్సీ వెనకాల ఫైట్ స్ట్రాప్ అని ఒక పట్టీ ఉంటుంది, ప్యాంటుకి బిగిస్తారు. దాని కింద భుజాల ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు. గోలీకైతే కాళ్ళ ప్యాడ్ల బకిల్స్ విప్పడానికే తీరిక కావాలి. ఆ వాసన గురించి ఎవరూ రాయరు, మీరైనా రాయండి.

పారిజాతం:

ఫొటో లీక్ గురించి. ఇద్దరి ప్రమేయం లేకుండా బయటపెట్టేసి దాన్నే ముగింపు చేయడం చదివేవాళ్ళకి చేదుగా ఉంటుంది, క్వీర్ పాఠకులకి మరీను. లీక్ పెట్టాల్సివస్తే మధ్యలో పెట్టి, చివరి నిర్ణయం వాళ్ళ చేతుల్లోకి తిరిగి ఇవ్వండి.

అంతకంటే ముందు మీ కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో తేల్చుకోండి, వాతావరణం ఏడాదికో రకంగా ఉంది. 2012లో ఆటల్లో గేలకి అండగా నిలిచే యూ కెన్ ప్లే మొదలైంది. 2016 ప్లేఆఫ్స్‌లో గేలను తిట్టే మాట వాడినందుకు ఆటగాడు ఆండ్రూ షాని లీగ్ ఒక మ్యాచ్ సస్పెండ్ చేసింది. 2021 జులైలో లూక్ ప్రొకాప్ తాను గే అని చెప్పాడు. 2020లో నాష్‌విల్ జట్టు డ్రాఫ్ట్‌లో (కొత్తవాళ్ళ ఎంపికలో) తీసుకున్న కుర్రాడు, ఎన్‌హెచ్‌ఎల్ జట్టుతో కాంట్రాక్ట్ ఉండగా చెప్పినవాళ్ళలో మొదటివాడు. 2023 జూన్‌లో, వార్మప్‌లో ఎల్‌జీబీటీ వాళ్ళకి మద్దతుగా వేసుకునే ప్రైడ్ జెర్సీలు ఆపేశారు. ఆ అక్టోబర్‌లో కర్రకి చుట్టే ప్రైడ్ టేప్‌ని కూడా నిషేధించారు, అరిజోనా ఆటగాడు ట్రావిస్ డెర్మాట్ అయినా చుట్టుకుని ఆడాడు, కొద్ది రోజుల్లో లీగ్ వెనక్కి తగ్గింది. డానీ ఆ నెలలో తన కర్రకి ఏ టేప్ చుట్టుకున్నాడన్నదే ఒక సన్నివేశం.

ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడుతూ బహిరంగంగా చెప్పినవాడు ఇంతవరకు లేడు. కాబట్టి మీ ఇద్దరూ చెప్తే అది కథలోని ప్రపంచంలో మొదటిసారి, దానికి తగ్గ హడావుడి రాయాలి. ఏజెంట్, జనరల్ మేనేజర్, కెప్టెన్: ఎవరికి ముందు తెలుస్తుంది, ఎవరు చిన్నబుచ్చుకుంటారు. జులై మంచి నెల, ప్రొకాప్ ఎంచుకున్నదీ అదే. సెప్టెంబర్ మధ్యలో క్యాంప్ మొదలయ్యేదాకా రోజూ మైకుల ముందు నిలబడక్కర్లేదు.

మికాని ఫిన్లండ్ వాడిగానే ఉంచండి. అక్కడ 2017 నుంచి పెళ్ళి చట్టబద్ధం, ఇంట్లో అడ్డేమైనా ఉంటే అది మనుషుల నుంచే. రష్యన్ చేస్తే కథ వేరే అయిపోతుంది. 2023 నవంబర్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఎల్‌జీబీటీ ఉద్యమాన్నే తీవ్రవాదం అంది, వేసవిలో ఇంటికెళ్ళడమే ప్రమాదం. అది పక్క పాత్రతో తేలిపోయే విషయం కాదు.

మూడో_జత:

అందరూ మగవాళ్ళ లీగే పట్టుకున్నారు. అన్నా, అక్కా, ఆడవాళ్ళ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ వైపు ఒకసారి చూడండి. 2024 జనవరి 1న మొదలైంది, 2025-26లో ఎనిమిది జట్లు. అక్కడ రహస్యం అనే ఇంజన్ పనిచేయదు. మాంట్రియల్ కెప్టెన్ మరీ-ఫిలిప్ పూలాన్, అదే జట్టు లోరా స్టేసీ 2024లో పెళ్ళి చేసుకున్నారు. అప్పటి అమెరికా కెప్టెన్ మెగన్ డగన్, కెనడా తరఫున ఆడిన జిలియన్ ఆప్స్ 2018లోనే.

మరి అడ్డంకి ఏంటి? డబ్బు ఒకటి. మొదటి ఒప్పందంలో కనీస జీతం 35 వేల డాలర్లు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అప్పట్లో కనీసం 7 లక్షల 75 వేలు. రెండోది ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్, అంటే కొత్త జట్లు పాత జట్ల నుంచి ఆటగాళ్ళని తీసుకోవడం. 2025లో సియాటిల్, వాంకూవర్ చేరినప్పుడు పాత జట్లు మొదట ముగ్గురేసినే కాపాడుకోగలిగాయి. ఒకే జట్టులో జంట, జాబితాలో ఒక్క ఖాళీ. లీక్ అయిన ఫొటో కంటే ఇదే గట్టిది.

ఓవర్‌టైమ్:

తమ్ముడూ, ఐడియా బాగుంది, కానీ అది వేరే నవల. ఆయన షూటౌట్ రాసేస్తున్నారు, ఇప్పుడు లీగ్ మార్పించకు.

కలం_కాగితం:

అది రెండో సీరియల్‌కి దాచుకుంటా. చివరిది: మికాకి తలకి దెబ్బ తగిలే సీన్ ఉంది. డానీకి ఎలా తెలుస్తుంది?

నీలిగీత:

టీవీలో, అందరితో పాటే. మికా లేవలేకపోతే ట్రైనర్ టనెల్ గుండా పరీక్ష గదికి తీసుకెళ్తాడు. మూడో పీరియడ్‌లో జట్టు ఒక్క ముక్క పోస్ట్ చేస్తుంది: "అప్పర్ బాడీ ఇంజరీ, తిరిగి రాడు." తలా, భుజమా, పక్కటెముకా అన్నీ ఆ మాటలోకే వస్తాయి, జట్లు కావాలనే అంతకంటే చెప్పవు. డాక్టర్ ఫోన్ చేసేది కుటుంబానికి, అంటే ఫిన్లండ్‌లో తల్లికి. అక్కడ తెల్లవారుజాము.

ఆమె నంబర్ డానీ దగ్గర ఉందా లేదా అన్నది మూడో అధ్యాయంలోనే తేల్చి పెట్టుకోండి. కంకషన్ (తలకి దెబ్బ తగిలి మెదడు అదరడం) అయితే మొదటి రోజుల్లో స్క్రీన్ చూడొద్దంటారు, అంటే మికా మెసేజ్ కూడా పెట్టలేడు. లాంగ్-టర్మ్ ఇంజరీ లిస్ట్‌లో వేస్తే కనీసం 10 మ్యాచ్‌లు, 24 రోజులు. మంచు మీదికి తిరిగొచ్చాక మొదట్లో వేరే రంగు జెర్సీ ఇస్తారు, అతన్ని ఎవరూ గుద్దకూడదని గుర్తు. ఆ ప్రాక్టీస్ వీడియో డానీ ఎన్నిసార్లు చూశాడో లెక్క చెప్పకండి, ఒక్కసారి పాజ్ చేశాడని రాయండి చాలు.