హైవే మీద ఏడాస్ కార్లు: ఊరికే బ్రేకు ఎందుకు పడుతుంది, వెనక వచ్చేవాళ్లు ఎంత దూరం ఉండాలి?

కావలి ట్యాక్సీ:
ఎన్‌హెచ్-16 మీద నెల్లూరు, ఒంగోలు మధ్య ఈ ఏడాస్ కార్లు (డ్రైవరుకు సాయంగా బ్రేకు, స్టీరింగు తామే చూసుకునేవి) ఎక్కువయ్యాయి. ముందు ఏమీ లేకపోయినా ఒక్కోసారి చటుక్కున ఆగుతున్నాయి. వెనకున్న మేమేం చెయ్యాలి?

నెల్లూరు మెకానిక్:
అన్నా, ఇక్కడ అమ్మే ఏడాస్ మహా అయితే లెవెల్-2. స్టీరింగు, బ్రేకు అది చూసుకున్నా బాధ్యత డ్రైవరుదే. అమెరికాలో డ్రైవరు లేకుండా తిరిగే వేమో ట్యాక్సీలు లెవెల్-4. రెండూ ఒకటే అనుకుని చేతులు వదిలేయబాకండి.

ఇక బ్రేకు సంగతి. ముందు బంపరు దగ్గర రాడారు, అద్దం పైన కెమెరా ఉంటాయి. రోడ్డు వంపు తిరిగేచోట పక్క లేన్లో లారీ ఉంటే, తన దారిలోనే ఉందనుకుని బ్రేకు వేస్తుంది. ఇలా ఊరికే ఆగకుండా ఉండాలని చాలా రాడార్లు స్పీడులో ఉన్నప్పుడు కదలని వస్తువుల్ని పెద్దగా లెక్కలోకి తీసుకోవు. నాకు భయమంతా అక్కడే. రాత్రిపూట దాబా ముందు ఆపిన లారీకి అది బ్రేకు వేస్తుందని నమ్ముకోబాకండి.

వెనక వచ్చేవాళ్లకు లెక్క ఇది: వంద స్పీడులో బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది. రెండు సెకన్లంటే 56 మీటర్లు. ముందు కారు కిలోమీటరు రాయి దాటగానే ‘నూటొకటి, నూటరెండు’ అనుకోండి. అది పూర్తికాకముందే మీరు రాయి దగ్గరికొస్తే మరీ ఆనుకుని పోతున్నట్టే. వానలో నాలుగు సెకన్లు ఉంచండి.

ఒంగోలు:
ఏడాస్ కారులో ముందు బండికి ఎంత దూరం ఉంచాలో చెప్పే సెట్టింగు అన్నిటికంటే తక్కువలో పెట్టొద్దు. ఎక్కువలో పెడితే ఆ సందులోకి వేరే బండి దూరుతుంది, నిజమే. అప్పుడు కారు నెమ్మదిస్తుంది, దాని వెనక పది బళ్లు బ్రేకు తొక్కుతాయి. 2008లో జపాన్‌ వాళ్లు 230 మీటర్ల గుండ్రటి బాటలో 22 కార్లు తిప్పి చూశారు. అడ్డమేమీ లేకుండానే ఇలాగే ట్రాఫిక్ జామ్ పుట్టింది. తర్వాత అమెరికాలో అలాంటి పరీక్షలోనే ఒక్క కారును కంప్యూటరు నిలకడగా నడిపితే ఆ జామ్ సర్దుకుంది. నెమ్మదిగా వదిలి నెమ్మదిగా అందుకుంటే మనిషైనా ఆ పని చెయ్యగలడు. టంగుటూరు టోల్‌గేటుకు కిలోమీటరు ముందే క్రూయిజ్ (స్పీడు, దూరం కారే చూసుకునే ఏర్పాటు) ఆపెయ్యండి.

చీమకుర్తి లారీ:
మా బళ్ల వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు ఉన్నా, గ్రానైటు దుమ్ము పట్టి తెల్లగా పాలిపోతుంది. క్వారీ నుంచి బయటికి రాగానే తడిగుడ్డతో తుడవాలి. కెమెరాకైనా మనిషికైనా చీకట్లో కనపడేది అదే. ఆగితే తారు దిగి ఆపి, హెచ్చరిక త్రికోణం బాగా వెనక పెట్టాలి.

కావలి ట్యాక్సీ:
మరి రాంగ్ రూట్లో వచ్చే బైకులు?

నెల్లూరు మెకానిక్:
అక్కడ ఏడాస్‌ను నమ్మలేం. సందులోంచి, ఎదురుగా వచ్చే సన్నటి బండిని ఆలస్యంగా గుర్తిస్తుంది. ఊళ్ల దగ్గర కాలు బ్రేకు మీదే ఉండాలి. సర్వీసు రోడ్డులో వడ్లు ఆరబోస్తే లేను గీత కనపడక స్టీరింగు సాయం ఆగిపోతుంది.

ఇంకోటి, కొత్త బండి పూజలో అద్దానికి పెట్టే పసుపు, కుంకుమ కెమెరా ముందు పడనివ్వబాకండి. అద్దం మారిస్తే కెమెరా కాలిబ్రేషన్ (సరిగ్గా చూసేలా మళ్లీ సరిచెయ్యడం) తప్పకుండా చేయించాలి. రాడారుకు అడ్డంగా బంపరు గార్డు బిగించకూడదు.