రెండు 3090 కార్డులకు ఒకే పెద్ద ఎస్ఎంపీఎస్సా, రెండు చిన్నవా?

భీమవరం_వాసి:
ఏఐ మోడల్స్ ట్రైనింగ్ కోసం సెకండ్ హ్యాండ్‌లో రెండు ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డులు తీసుకున్నానండి. షాపువాళ్లేమో రెండు 750 వాట్ల ఎస్ఎంపీఎస్‌లు (కంప్యూటర్‌కు పవర్ ఇచ్చే డబ్బాలు) కలిపి పెట్టేద్దాం, చవకలో అయిపోతుంది అంటున్నారు. ఒకే పెద్దది మేలా? మాది చెరువుల మధ్య ఊరు. రాత్రి ఏరేటర్లు (చెరువు నీళ్లలోకి గాలి పంపే మోటార్లు) ఆన్ చేస్తే వోల్టేజ్ 180కి పడిపోతుంది.

పాలకొల్లు_పీసీ:
రెండు పెట్టేయండి. చిన్న అడాప్టర్ బోర్డు వేస్తే రెండూ ఒకేసారి ఆన్ అవుతాయి. క్రిప్టో కాయిన్ల మైనింగ్ రోజుల్లో చాలామంది అలాగే నడిపారు.

అమలాపురం_హార్డ్‌వేర్:
మైనింగ్‌తో పోలిక కుదరదు అన్నా. అందులో లోడ్ ఒకే తీరుగా ఉండేది, పవర్ కూడా తగ్గించి నడిపేవారు. ట్రైనింగ్‌లో రెండు కార్డుల లోడూ ఒక్కసారే పెరుగుతుంది, ఒక్కసారే తగ్గుతుంది. 3090 రేటింగ్ 350 వాట్లే అయినా, కొన్ని మిల్లీసెకన్ల పాటు అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది. కాగితం మీద సరిపోయిన ఎస్ఎంపీఎస్ టప్పుమని ఆగిపోయేది అప్పుడే. పైగా కార్డుకు కొంత పవర్ మదర్‌బోర్డు స్లాట్ నుంచి, మిగతాది ఎస్ఎంపీఎస్ కేబుళ్ల నుంచి వస్తుంది. రెండు ఎస్ఎంపీఎస్‌లలో ఒకటి ఆగితే రెండో కార్డుకు కొంత పవరే అందుతుంది. మైనింగ్ రైజర్లు (కార్డును స్లాట్‌కు దూరంగా తగిలించే పొడిగింపు కేబుళ్లు) మాత్రం అస్సలు వాడొద్దు. స్లాట్ 75 వాట్లు ఇవ్వాలి, రైజర్‌కు తగిలించే సాటా కనెక్టర్ (హార్డ్ డిస్కులకు వాడే పవర్ ప్లగ్) తట్టుకునేది 54 వాట్లే. అది కరిగిపోవచ్చు.

ఏటీఎక్స్ 3.0 రకం 1200 వాట్లది ఒకటి తీసుకోండి. 2022లో వచ్చిన ఈ ప్రమాణం ప్రకారం, రేటింగ్‌కు రెట్టింపు లోడ్ వచ్చినా 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలి. కార్డుల పవర్ లిమిట్ 280 వాట్లకి దించండి, వేగం పెద్దగా తగ్గదు. కార్డు మీది ప్రతి సాకెట్‌కూ విడి కేబుల్ వేయండి, ఒకే కేబుల్‌కున్న రెండు కొసలూ గుచ్చొద్దు.

పాలకొల్లు_పీసీ:
ఆ ఒక్కటీ పోతే? వారంటీకి పంపి అది తిరిగొచ్చేదాకా పని మొత్తం బంద్. నా టెన్షన్ అదే.

అమలాపురం_హార్డ్‌వేర్:
ఆ మాట నిజమే. అందుకే పాత 500 వాట్లది ఒకటి పక్కన పెట్టుకోమంటాను. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డులు తీసేసి కనీసం సిస్టమ్ నడుపుకోవచ్చు.

భీమవరం_వాసి:
మరి వోల్టేజ్ సంగతి?

అమలాపురం_హార్డ్‌వేర్:
మంచి ఎస్ఎంపీఎస్ 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తుంది, కానీ వోల్టేజ్ తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది. పూర్తి లోడ్‌లో గోడ నుంచి సుమారు 1330 వాట్లు తీసుకుంటుంది. అంటే 230 వోల్టుల దగ్గర 5.8 ఆంప్స్, 180 దగ్గర 7.4. మామూలు 6 ఆంప్స్ ప్లగ్ పాయింటు వేడెక్కిపోతుంది. 16 ఆంప్స్ లైను విడిగా లాగించండి, ఎర్తింగ్ చూపించండి. ఎస్ఎంపీఎస్ ఆర్డర్ ఆ తర్వాత పెట్టొచ్చు.