లిబర్టేరియన్ అయ్యుండి సూపర్ లీగ్‌ని తిట్టొచ్చా?

ప్రశ్న: ప్రభుత్వం ఎందులోనూ వేలు పెట్టకూడదనే బ్యాచ్ నేను, కానీ 2021 ఏప్రిల్‌లో యూరప్‌లోని 12 పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు తమకంటూ విడిగా సూపర్ లీగ్ పెట్టుకుంటాం అనగానే ఒళ్ళు మండిపోయి ఎవరైనా ఆపండ్రా బాబూ అనుకున్నా. ఓనర్ ఆస్తి ఓనర్ ఇష్టం కదా, మరి నాకెందుకు కాలింది?

రిప్లై 1: బ్రిటన్ ప్రభుత్వం చట్టం తెస్తామని బెదిరించింది నిజమే, కానీ ఆ చట్టం రాకముందే ఆ 12లో ఒకటైన చెల్సీ క్లబ్బు ఫ్యాన్స్ రోడ్డుకి అడ్డంగా నిలబడితే టీమ్ బస్సు కదల్లేదు, ఆ క్లబ్బు మాజీ గోల్‌కీపర్, అప్పటి సలహాదారు పీటర్ చెక్ బయటికొచ్చి కాస్త టైమివ్వండని బతిమాలాడు. రెండ్రోజుల్లో ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ జారుకున్నాయి.

రిప్లై 2: బస్సు ఆపడం బలవంతం కాదేంటి గురూ 😄 నీ సిద్ధాంతానికి సరిపోయేది ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్. 2005లో గ్లేజర్లు అనే అమెరికన్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ని కొన్నదని కొందరు ఫ్యాన్స్ విడిపోయి సొంత క్లబ్బే పెట్టేసుకున్నారు, మెంబర్‌కి ఒక ఓటు, అంతే.

రిప్లై 3: జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగానికి పైగా మెంబర్ల చేతిలోనే ఉండాలనే 50+1 కూడా సర్కారు చట్టం కాదు, క్లబ్బులు తమకి తాము పెట్టుకున్న రూల్.

ప్రశ్న అడిగినవాణ్ణే: రిప్లై 2 కరెక్టే గానీ చిన్నప్పట్నుంచి మోసిన జెర్సీ వదిలేసి వేరే క్లబ్బుకి పోవడం నావల్ల కాదు భయ్యా.