ఓపీలో నడుం, భుజం నొప్పులు: ఎవరికి స్కాన్ రాయాలి?

ప్రశ్న:
జనరల్ ఓపీలో కూర్చోబట్టి ఆర్నెల్లయిందండి. వచ్చేవాళ్ళలో సగం నడుం, మెడ, భుజం, మడమ నొప్పులే, ఒక్కొక్కళ్ళకి ఐదు నిమిషాలు కూడా దొరకవు. ఎంఆర్ఐ రాయకపోతే ఈయనకేం తెలీదన్నట్టు చూస్తారు, రాస్తే రిపోర్ట్‌లో డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ కాస్త ఉబ్బడం) అని వస్తుంది, అది చదువుకుని ఇంకా భయపడతారు. పెయిన్ కిల్లర్ రాసి పంపించేస్తున్నా గానీ మనసొప్పట్లేదు. సీనియర్లు ఏం చేస్తున్నారు?

జవాబు 1:
యూరిన్ ఆగిపోవడమో తెలీకుండా పోవడమో, కూర్చుంటే కుర్చీకి ఆనే భాగంలో తిమ్మిరి, కాలు బలం తగ్గిపోతుండడం, వీటిల్లో ఏదున్నా అదే రోజు పెద్దాసుపత్రికి పంపెయ్. జ్వరం, బరువు తగ్గడం, ఇదివరకు క్యాన్సర్, గట్టి దెబ్బ, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు ఉంటే టెస్టులు చేయించాల్సిందే. ఇవేవీ లేకపోతే కొత్తగా పట్టిన నడుం నొప్పి చాలామందికి 4 నుంచి 6 వారాల్లో సర్దుకుంటుంది, మంచం ఎక్కకుండా తిరగమను. నొప్పే లేని 50 ఏళ్ళవాళ్ళకి స్కాన్ తీసినా సగం మందికి పైనే బల్జ్ కనబడుతుంది, ఈ ముక్క ముందే చెప్పు, రిపోర్ట్ వచ్చాక చెప్తే సర్దిచెప్తున్నావనుకుంటారు.
ఇంకోటి, మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ళ మీద నాలుగడుగులు వేయించు. అరనిమిషం పని, కాలి బలం తెలుస్తుంది, చెయ్యేసి చూశారన్న తృప్తి వాళ్ళకీ ఉంటుంది. పెయిన్ కిల్లర్ ముందు కిడ్నీ, అల్సర్, గుండె జబ్బు అడగడం మర్చిపోకు.

జవాబు 2:
భుజానికి నేను చేసేది ఒకటే. మోచెయ్యి పక్కకి ఆనించి 90 డిగ్రీలు మడిచి ముంజేతిని బయటికి తిప్పుతా. నేను తిప్పినా కదలకపోతే ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) అనుమానమే, ఎక్స్‌రే ఒకటి తీయిస్తా ఎందుకంటే కీలు అరిగినా ఇలాగే బిగుస్తుంది. వాళ్ళంతట వాళ్ళు చెయ్యి లేపలేక, మనం లేపితే లేస్తే రొటేటర్ కఫ్, అంటే భుజం కీలు చుట్టూ ఉండే కండరాలు, చూడాలి. ఫ్రోజెన్ అయితే షుగర్ టెస్ట్ తప్పకుండా చేయించండి. తగ్గడానికి ఏడాది, రెండేళ్ళు పట్టొచ్చని మొదటి రోజే చెప్పకపోతే నలుగురు డాక్టర్లు మారతారు.

జవాబు 3:
ఫిజియోని. పది ఎక్సర్‌సైజులున్న షీట్ ఇస్తే అది బ్యాగ్‌లోనే ఉండిపోతుంది సార్, ఒకటి నేర్పి చేయించి చూడండి. పొద్దున మొదటి అడుగుకే మడమ పొడిచేవాళ్ళకైతే, మంచం దిగకముందే కాలివేళ్ళు చేత్తో తమవైపు లాగి 10 సెకన్లు పట్టుకోవాలి, అలా 10 సార్లు.

ప్రశ్న అడిగినవాణ్ణి:
థాంక్సండి. ఇవాళ ఒకావిడకి ముంజెయ్యి తిప్పి చూశా, అస్సలు కదల్లేదు. ఇదివరకు రెండుసార్లు నేనే మెడ నొప్పని మందు రాశాను ఆవిడకి. షుగర్‌కి పంపా.