జిర్కోనియా పొడి: 600 డిగ్రీలు దాటగానే టెట్రాగోనల్ రూపం చెదిరిపోతోంది

యిట్రియా (టెట్రాగోనల్ రూపాన్ని నిలబెట్టడానికి కలిపే యిట్రియం ఆక్సైడ్) కలపకుండా, స్వచ్ఛమైన జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) నానో పొడి తయారు చేస్తున్నాను. 700 డిగ్రీల సెల్సియస్‌లో కాల్చాక కూడా దాని స్ఫటిక రూపం టెట్రాగోనల్‌గానే ఉండాలి. ఉండటం లేదు.

జిర్కోనియం ఆక్సీక్లోరైడ్ 0.1 మోలార్ ద్రావణంలో అమోనియాను చుక్కలుగా వేసి పీహెచ్ 10కి తెస్తున్నాను. వడకట్టిన నీటిలో సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లటి మబ్బు రాకుండా పోయేదాకా (అంటే క్లోరైడ్ పోయేదాకా) కడిగి, 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెడతాను. ఆపై నిమిషానికి 5 డిగ్రీల చొప్పున వేడిచేసి, 2 గంటలు ఉంచుతాను.

500 దగ్గర అంతా బాగానే ఉంది: ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటిక రూపం తెలిపే ఎక్స్‌రే పరీక్ష) 30.2 డిగ్రీల కోణం దగ్గర ఒక్కటే వెడల్పాటి టెట్రాగోనల్ శిఖరం, షెరర్ లెక్కలో (శిఖరం వెడల్పును బట్టి) రేణువు 12 నానోమీటర్లు. 600కి 28.2, 31.5 దగ్గర మోనోక్లినిక్ (జిర్కోనియా మరో స్ఫటిక రూపం) శిఖరాలు తొంగిచూస్తున్నాయి. 700కి వాటిదే రాజ్యం. రేణువు సుమారు 30 నానోమీటర్లు దాటితే ఈ మార్పు సహజమని తెలుసు, కానీ నాది టెట్రాగోనల్ శిఖరం ప్రకారం ఇంకా 22 దగ్గరే ఉంది.

వేడెక్కే వేగం 2కి తగ్గించాను, 700 దగ్గర 30 నిమిషాలే ఉంచాను. తేడా లేదు. చివరి కడుగుడు ఇథనాల్‌తో చేస్తే పొడి మెత్తగా వచ్చింది, అంతే. కల్వంలో నూరడం వల్ల వచ్చే ఒత్తిడే మారుస్తోందేమోనని (మొదట నా అనుమానమంతా దానిమీదే) నూరకుండా కూడా చూశాను. మోనోక్లినిక్ కాస్త తగ్గింది గానీ పోలేదు.

ఆరబెట్టే ముందు జెల్‌ను (అమోనియా వేశాక ఏర్పడే ముద్దను) అమోనియా ద్రావణంలోనే 100 డిగ్రీల దగ్గర మాగబెడితే 700 వరకు టెట్రాగోనల్ నిలుస్తుందా, నిలిస్తే ఎన్ని గంటలు మాగబెట్టాలి?