అగ్రిబిజినెస్ వాటాను జాతీయ ఖాతాల నుంచి రాబట్టడం ఎలా?

ప్రశ్న (గణాంక విద్యార్థి)

ఆర్థిక వ్యవస్థలో అగ్రిబిజినెస్ (సాగూ, దాని చుట్టూ అల్లుకున్న పరిశ్రమలూ వ్యాపారాలూ) వాటా ఎంతో తేల్చే పనిలో ఉన్నాను. జాతీయ ఖాతాల్లో "వ్యవసాయం, అడవులు, చేపల వేట" అన్న ఒక్క పద్దు కనిపిస్తోంది తప్ప, ఎరువుల కర్మాగారం రసాయనాల కిందికి, ట్రాక్టరు యంత్రాల కిందికి, నూలు మిల్లు వస్త్ర పరిశ్రమ కిందికి, గోదాము రవాణా కిందికి చేరిపోయాయి. వీటన్నిటి ఉత్పత్తి విలువలను ఏరి కూడితే వచ్చిన మొత్తం నాకే నమ్మబుద్ధి కావడం లేదు. పొరపాటు ఎక్కడ జరిగింది?

సమాధానం (పాత లెక్కల మనిషి)

మీరు ఉత్పత్తి విలువను కూడారు. జీడీపీలోకి వెళ్ళేది జోడించిన విలువ మాత్రమే, అంటే అమ్మిన విలువలోంచి కొన్న సరుకుల ఖర్చు తీసేయగా మిగిలేది. రైతు 100కు అమ్మిన పత్తి మిల్లులో 160 విలువ చేసే నూలై, మగ్గం మీద 250 విలువ చేసే బట్ట అయిందనుకోండి. మూడూ కూడితే 510 వస్తుంది, అంటే ఒకే పత్తిని మూడుసార్లు లెక్కించినట్లు. విత్తనాలకూ ఎరువులకూ రైతు 40 పెట్టి ఉంటే, ఇతర కొనుగోళ్ళు లేవనుకున్నప్పుడు, రైతు జోడించినది 60, మిల్లు 60, మగ్గం 90, మొత్తం 210. ఆ 40 విలువైన సరుకు ఆసాంతం దేశంలోనే తయారైతే లెక్క 250కి చేరుతుంది, దిగుమతి అయితే 210 దగ్గరే ఆగుతుంది.

ఐక్యరాజ్యసమితి పారిశ్రామిక వర్గీకరణ నాలుగో సవరణలో ఎరువులకు 2012, వ్యవసాయ యంత్రాలకు 2821 అని విడి కోడ్‌లు ఉన్నాయి. అయితే ప్రచురించే పట్టికలు చాలావరకు కోడ్‌లోని మొదటి రెండంకెల స్థాయిలోనే ఆగిపోయి ఎరువులను మిగతా రసాయనాలతో కలిపేస్తాయి, అసలు చిక్కంతా అక్కడే.

సమాధానం (పట్టికల పురుగు)

ఆ చిక్కు విప్పడానికి సరఫరా-వినియోగ పట్టికలు ఉన్నాయి, అంటే ఏ సరుకును ఏ పరిశ్రమ తయారు చేసింది, ఎవరు ఎంత కొన్నారు అని చూపే పట్టికలు. వ్యవసాయం నిలువు వరుసలో రసాయనాల కొనుగోలు ఎంతో చూసి, అందులో దేశీయ భాగానికి తగినంత విలువ జోడింపును రసాయన పరిశ్రమ నుంచి తీసుకోవాలి. పరోక్ష కొనుగోళ్ళు (ఎరువుల కర్మాగారం తాను కొనే సరుకుల వంటివి) కూడా కావాలంటే ఆర్థికవేత్త లియోన్‌టీఫ్ రూపొందించిన ఇన్‌పుట్-అవుట్‌పుట్ పద్ధతి తప్పదు. ఆయనకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది ఈ పనికే.

ఒక్క హెచ్చరిక. ట్రాక్టరు ఆ నిలువు వరుసలో దొరకదు, ఎందుకంటే అది మధ్యంతర వినియోగం (ఉత్పత్తిలో ఖర్చయిపోయే సరుకు) కాదు, స్థిర మూలధన కల్పన (ఏళ్ళ తరబడి పనికొచ్చే ఆస్తుల కొనుగోలు) కిందికి పోతుంది. నేను మొదటిసారి లెక్క వేసినప్పుడు డీజిలు కనిపించి ట్రాక్టరు కనిపించకపోయేసరికి పట్టికే తప్పనుకున్నాను.

సమాధానం (హద్దుల వాది)

పద్ధతి సరే, హద్దు ఎక్కడ గీస్తారు? 1957లో పరిశోధకులు డేవిస్, గోల్డ్‌బర్గ్ అగ్రిబిజినెస్ భావనను వివరించినప్పుడు సాగుకు కావలసిన సరుకుల తయారీ మొదలుకొని సాగు, నిల్వ, ప్రాసెసింగ్, పంపిణీ వరకు అన్నిటినీ అందులో చేర్చారు. అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించే లెక్క వేరు: 2023లో సాగు ఒక్కటే జీడీపీలో సుమారు 0.8 శాతం కాగా, అనుబంధ రంగాలతో కలిపి 5.5 శాతం. ఆ అనుబంధ రంగాల్లో వస్త్రాలు, తోలు, ఆహార దుకాణాలు, రెస్టారెంట్లు ఉన్నాయి; ఎరువులూ ట్రాక్టర్లూ లేవు. పైగా అందులో రెస్టారెంట్లదే పెద్ద వాటా. వడ్డించేవారి జీతం వ్యవసాయ సంబంధమైనదని ఒప్పించడం నా వల్ల కాదు. నెదర్లాండ్స్‌లో కోకో గింజ పండదు, అయినా కోకో ప్రాసెసింగ్ అక్కడ పెద్ద పరిశ్రమ. దాన్ని చేర్చుకుంటే ఆ దేశపు పొలాలకు లేని ఘనత అంటగట్టినట్లవుతుంది, వదిలేస్తే ఒక నిజమైన పరిశ్రమ లెక్కకు అందకుండా పోతుంది. కాబట్టి అంకె పక్కనే హద్దు కూడా రాయండి.

ప్రశ్న వేసినవారి జవాబు

పట్టిక మళ్ళీ తెరిచాను. ట్రాక్టర్లు మూలధనం వరుసలోనే ఉన్నాయి, కాని అక్కడ వ్యవసాయ యంత్రాలనూ ఇతర యంత్రాలనూ కలిపి ఒకే పద్దు చేశారు. నూలు వరకు చేర్చి, రెస్టారెంట్లను విడి వరుసలో చూపిద్దామనుకుంటున్నాను.