అప్‌డేట్: క్వెర్సెటిన్ మాత్రల సంగతి

బీపీ కోసం క్వెర్సెటిన్ (ఉల్లిపాయ, ఆపిల్ లాంటి వాటిలో సహజంగా ఉండే పదార్థం) మాత్రలు వేసుకోవచ్చా అని అడిగాను కదా, డాక్టర్ వద్దన్నారు. పరిశోధనల్లో బీపీ కాస్త తగ్గిన మాట నిజమే కానీ, అది రోజుకు 500 మిల్లీగ్రాములు, ఆపైన ఇచ్చినప్పుడు. ఉల్లిపాయలు తిని అంత మోతాదు అందుకోవడం అయ్యే పని కాదు! పైగా నేను రక్తం పలచబడే మందు వాడుతున్నాను, ఆ రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగొచ్చట. అసలు టెన్షన్ అదే.

అందుకే తిండితోనే సరిపెడుతున్నా. మీలో ఒకరు చెప్పిన చిట్కా బాగుంది: ఉల్లిపాయలో క్వెర్సెటిన్ ఎక్కువగా పైపొరల్లోనే ఉంటుంది. ఎండు పొట్టు మాత్రం తీసి, దాని కింది ఎర్రటి పొరను ఉంచేస్తున్నా. ఉడికిస్తే కొంత నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లు పారబోయకండి. ఆపిల్ కూడా తొక్కతోనే. బీపీ మాత్ర మాత్రం మామూలే.